నెల్లూరు నుంచి న్యూజెర్సీ శాసనసభకు

(పెద్దాపురంలో డిసెంబరు 17న జరిగిన పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు ప్రత్యేకత మీకందరికీ తెలిసిందే. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు పెన్షను అనేది సర్కారు దయాధర్మం కాదు, ఉద్యోగి హక్కు అని తీర్పు చెప్పింది. ఏటా ఆ తీర్పును తలుచుకుంటాం, ఆ పైన డి.ఎ. బకాయిలను తలుచుకుంటాం. ఈసారి మన కార్యదర్శి గారు నన్ను పిలిచి, "బకాయిల సంగతి నేను చూసుకుంటాను గానీ, మీరు అమెరికా వెళ్లొచ్చారు కదా, ఆ సంగతులేవైనా చెప్పండి మాస్టారూ" అన్నారు. నేను వెళ్లింది 2012లో. నయాగరా జలపాతం గురించి ఈ వేదిక మీద ఇదివరకే ముగ్గురు చెప్పి ఉన్నారు కాబట్టి దాని జోలికి పోను. అక్కడ నేను తెలుసుకున్న ఒక శాసనసభ్యుని సర్వీసు గురించి చెబుతాను. సర్వీసు అనే అంటున్నాను. మనకు అర్థమయ్యే మాట అదే.

ఆయన పేరు ఉపేంద్ర చివుకుల. మన తెలుగువారే. 1950లో నెల్లూరులో పుట్టారు. నేనూ 1950లోనే పుట్టాను. ఆయన మద్రాసు గిండీ ఇంజనీరింగు కాలేజీలో చదివి 1970లలో అమెరికా వెళ్లారు. నేను డిగ్రీ అయ్యాక సర్వీసు కమిషను పరీక్ష రాసి ఎల్.డి.సి.గా చేరాను. ఆయన న్యూయార్కులో పై చదువు చదివి, తర్వాత ఏ.టి. అండ్ టి. అనే టెలిఫోను కంపెనీలో ఇంజనీరుగా పనిచేశారు. నేను ఉమ్మడి తూర్పు గోదావరి జిల్లాలో నాలుగైదు ఆఫీసులు తిరిగి 2008లో యాభై ఎనిమిదో ఏట రిటైరయ్యాను. మా ఇద్దరికీ పోలిక పుట్టిన సంవత్సరంతోనే ఆఖరు. నేనాయన్ని కలవలేదు, పక్కన నిలబడి ఫొటో దిగలేదు. అది ముందే చెప్పేస్తే మంచిది.

ఆయన సంగతికి వచ్చే ముందు శాసనసభ అంటే గుమాస్తాకు ఏమిటో చెప్పాలి. బయటివారికి అసెంబ్లీ అంటే ఉపన్యాసాలు, వాకౌట్లు. మన సీటుకు మాత్రం అది ఎర్రటి అర్జెంటు స్లిప్పు కట్టిన కాగితంగా వచ్చేది. దాన్ని ఎల్.ఏ.క్యూ. అనేవాళ్లం. ఎవరో ఎమ్మెల్యే గారు హైదరాబాదులో ఒక ప్రశ్న వేస్తారు. అది సెక్రటేరియట్ నుంచి కలెక్టరాఫీసుకు, అక్కడినుంచి కిందకు దిగి దిగి సాయంత్రం నాలుగు గంటలకు మన బల్ల మీద పడుతుంది. మర్నాడు పొద్దున్నకల్లా జవాబు పోవాలి. తాలూకాలు పోయి మండలాలు వచ్చినా ఆ స్లిప్పు రంగు మాత్రం మారలేదు.

ఒకసారి అలాగే ఒక ప్రశ్న వచ్చింది. ఫలానా ఊళ్లో మంచినీటి చెరువు చెడిపోయిన మాట నిజమేనా, నిజమైతే ప్రభుత్వం తీసుకున్న చర్యలేమిటి అని. ఆ ఊరు పేరు చెప్పను, నేనప్పుడు పనిచేస్తున్న ఆఫీసు పేరూ చెప్పను. ఆ చెరువు దగ్గరకు వెళ్లి చూసిన మనిషి లేడు. చూసి వచ్చేందుకు వ్యవధీ లేదు. నేను నోట్ ఫైలులో "విషయము పరిశీలనలో ఉన్నది" అని రాశాను. పై అధికారి సంతకం పెట్టారు. ఆ మాటే జిల్లా దాటి, సెక్రటేరియట్ దాటి, సభలో జవాబుగా వెళ్లింది. పరిశీలన అనేది ఎక్కడా లేదు. నా కలంలో తప్ప. ఆ ఏడాది వేసవిలో ఆ ఊరివాళ్లు బిందెలు పట్టుకుని ఎంత దూరం నడిచారో నాకు తర్వాత తెలిసింది. ముప్పై ఆరేళ్ల సర్వీసులో నా మీద చార్జి మెమో ఒక్కటీ లేదు. ఆ వాక్యానికి మాత్రం నాకు నేనే మెమో ఇచ్చుకున్నాను.

ఇక 2012 సంగతి. మా అబ్బాయి న్యూజెర్సీ రాష్ట్రంలో పిస్కాటవే అనే ఊళ్లో ఉంటాడు. జూన్‌లో నేనూ మా ఆవిడా వెళ్లాం. శనివారాలు బ్రిడ్జివాటర్‌లో వేంకటేశ్వరస్వామి గుడికి తీసుకువెళ్లేవాడు. ఆ దారిలో ఇళ్ల ముందు గడ్డిలో చిన్న చిన్న బోర్డులు పాతి ఉండేవి. వాటిలో ఒకదాని మీద చివుకుల అని ఉంది. "ఇదేమిట్రా, మనవాళ్ల ఇంటిపేరు" అన్నాను. "ఆయన మన ఊరి అసెంబ్లీ మెంబరే నాన్నా. ఈసారి ఈ పక్క నియోజకవర్గంలో కాంగ్రెస్‌కు నిలబడ్డాడు" అన్నాడు. మనం కాంగ్రెస్ అంటే పార్టీ అనుకుంటాం. అక్కడ కాంగ్రెస్ అంటే వారి పార్లమెంటు. ఆయన పార్టీ డెమొక్రటిక్ పార్టీ.

నాకు ఆసక్తి కలిగి వాకబు చేశాను. గుడిలో పరిచయమైన పెద్దలు చెప్పారు, మనవడు కంప్యూటరులో చూపించాడు. నేను అనుకున్నది ఒకటి, అక్కడున్నది వేరు. డబ్బున్న ఎన్నారై ఎవరో టిక్కెట్టు తెచ్చుకుని గెలిచాడేమో అనుకున్నాను. ఆయన మొదలుపెట్టింది అసెంబ్లీతో కాదు. 1997లో తాను ఉండే ఫ్రాంక్లిన్ టౌన్‌షిప్ కౌన్సిలుకు ఎన్నికయ్యారు. అంటే మన మునిసిపల్ కౌన్సిలరు వంటి పదవి. 1998లో అక్కడే డిప్యూటీ మేయరు. 2000లో మేయరు. చెత్త బండి, వీధి దీపం, వాననీటి కాలువ, కొత్త ఇళ్ల ప్లానులు, ఇవీ ఆ కౌన్సిలు పనులు. మన పెద్దాపురం మునిసిపాలిటీ 1915లో ఏర్పడింది కాబట్టి ఈ పనుల తీరు మన తాతల నాటినుంచీ మనకు తెలుసు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఆయన వీధిలో గెలిచాక 2001 నవంబరులో అసెంబ్లీకి గెలిచారు. 2002 జనవరిలో ప్రమాణం చేశారు. న్యూజెర్సీ శాసనసభలో అడుగుపెట్టిన మొట్టమొదటి భారత సంతతి మనిషి ఆయన.

ఆ శాసనసభ ఎలా నడుస్తుందో రెండు మాటలు చెబుతాను. రాజధాని ట్రెంటన్, డెలావేర్ నది ఒడ్డున. రాష్ట్రాన్ని నలభై నియోజకవర్గాలు చేశారు. ఒక్కొక్క దానికి ఒక సెనేటరు, ఇద్దరు అసెంబ్లీ సభ్యులు. సెనేట్‌లో నలభై మంది, అసెంబ్లీలో ఎనభై మంది. 2010 లెక్కల ప్రకారం ఆ రాష్ట్ర జనాభా దాదాపు 88 లక్షలు. చివుకుల గారిది పదిహేడో నియోజకవర్గం. మా అబ్బాయి ఊరు అందులోదే.

అక్కడ అసెంబ్లీ సభ్యుని పదవీకాలం రెండేళ్లే. రెండేళ్లకోసారి ఓటర్ల దగ్గరకు వెళ్లాలి. మనకు ఇన్‌క్రిమెంటుకు ఆఫీసరు సంతకం పెడితే చాలు, ఆయనకు నియోజకవర్గమంతా పెట్టాలి. అలా 2001, 2003, 2005, 2007, 2009, 2011, 2013, వరసగా ఏడుసార్లు పెట్టించుకున్నారు. జీతం ఆయన సభ్యునిగా ఉన్నంతకాలం ఏడాదికి 49 వేల డాలర్లు. అక్కడి ఖర్చులకు అది పెద్ద మొత్తం కాదు. శాసనసభ్యత్వాన్ని పూర్తికాలపు ఉద్యోగంగా లెక్కవేయరు. చాలామంది సభ్యులకు వేరే వృత్తి ఉంటుంది. తర్వాత తర్వాత ఆయన సభలో డిప్యూటీ స్పీకరు అయ్యారు. టెలిఫోను, విద్యుత్తు వంటి సేవలను చూసే సభాసంఘానికి అధ్యక్షులుగా ఉన్నారు. ఇంజనీరుకు తన చదువుకు తగ్గ సీటే దొరికింది. ఆ అదృష్టం మనలో ఎంతమందికి దక్కిందో మీకు తెలుసు.

ఆ సీటులో ఆయన చేసిన పనుల్లో రెండు చట్టాలు చెప్పుకోవాలి. రెండూ 2010లో అమల్లోకి వచ్చినవే. మొదటిది సౌర విద్యుత్తు చట్టం. రాష్ట్రంలో కరెంటు అమ్మే కంపెనీలు ఏటా ఇంత పరిమాణం సౌర విద్యుత్తు ఉండేటట్లు చూడాలని, ఆ పరిమాణం 2026 వరకు పెరుగుతూ పోవాలని అందులో రాశారు. దీని ఫలితం కంటికి కనబడుతుంది. న్యూజెర్సీలో ఇళ్ల కప్పుల మీద, బడుల మీద, గోదాముల మీద ఆ నీలపు పలకలే. మన దగ్గర 2024లో సూర్యఘర్ పథకం వచ్చాక ఇప్పుడు పెద్దాపురం మేడల మీదా కనబడుతున్నాయి. రెండో చట్టం సముద్రంలో గాలిమరలు పెట్టి కరెంటు తీయడానికి. అది అనుకున్నట్లు సాగలేదు. అక్కడ గాలిమరలు పెట్టడానికి వచ్చిన పెద్ద డెన్మార్కు కంపెనీ 2023లో చేతులెత్తేసింది. చట్టం చేసినంత మాత్రాన గాలిమర లేవదు. జి.వో. వచ్చినంత మాత్రాన బకాయి చేతికి రానట్లే.

ఇప్పుడు మా అబ్బాయి ఊళ్లో నేను చూసిన ఒక రాత్రి గురించి చెప్పాలి. సెప్టెంబరులో పక్కింటి పెద్దాయన, రిటైరైన పోస్టాఫీసు ఉద్యోగి, నన్ను టౌన్‌షిప్ కౌన్సిలు మీటింగుకు తీసుకువెళ్లాడు. సభ చివర మైకు దగ్గరకు ఎవరైనా వెళ్లి కొద్ది నిమిషాలు మాట్లాడవచ్చు. ఒక ముసలావిడ కర్ర పొడుచుకుంటూ వెళ్లి, మా వీధిలో చెట్టు కొమ్మలు కరెంటు తీగల మీదకు వాలాయి, గాలి వస్తే ఏమిటి గతి అంది. అక్కడ కూర్చున్న ఉద్యోగి కాగితం తిప్పి, "మొన్న మంగళవారం మా మనిషి వచ్చి చూశాడమ్మా, ఫలానా తేదీకి కొడతారు" అన్నాడు. ఆవిడ కూర్చుంది. అంతే. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నాకు మాత్రం ఒళ్లు జలదరించింది. నా "పరిశీలనలో ఉన్నది" గుర్తుకు వచ్చింది. ఇక్కడ ఒక మనిషి వెళ్లి చూసి వచ్చాడు. వారానికి పేరుంది. చివుకుల గారి సర్వీసు మొదలైంది ఇలాంటి బల్ల వెనకే కదా అనుకున్నాను.

ఆ ముసలావిడ భయం నిజమే అయింది. అక్టోబరు 29 రాత్రి శాండీ తుపాను న్యూజెర్సీ తీరాన్ని కొట్టింది. రాష్ట్రంలో ఇరవై లక్షలకు పైగా కరెంటు కనెక్షన్లు పోయాయి. మా అబ్బాయి ఇంట్లో ఆరు రోజులు దీపం లేదు. చలి. మా ఆవిడ అగ్గిపుల్లతో గ్యాసు వెలిగించి ఉప్మా చేసింది. "అమెరికా అన్నారు, కోనసీమ కంటే ఏం మెరుగు?" అంది. 1996 నవంబరు 6 తుపాను మీలో చాలామందికి జ్ఞాపకం ఉంటుంది. కొబ్బరిచెట్లు తలలు తెగి పడ్డాయి. ఊళ్లకు ఊళ్లు వారాలపాటు చీకట్లో ఉన్నాయి. నష్టాల లెక్క రాయడానికి నన్నూ పంపారు. ఇంటిపేర్లు రాసుకుంటూ నడిచాను. ఆ ఇళ్లు చాలావాటికి కప్పు లేదు.

సరిగ్గా పదహారేళ్లకు, 2012 నవంబరు 6న, అమెరికాలో ఎన్నికలు. తుపాను వెళ్లి వారం రోజులే అయింది. కరెంటు ఇంకా రాని చోట్ల కూడా పోలింగు జరిగింది. ఒబామా గారు రెండోసారి గెలిచిన ఎన్నిక అది. మా అబ్బాయి అప్పటికి మూడేళ్ల క్రితమే అక్కడి పౌరసత్వం తీసుకున్నాడు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి సోఫాలో కూర్చున్నాడు. "ఓటు వేశావా?" అని అడిగాను. "పేరు నమోదు చేయించుకోలేదు నాన్నా. మన ఒక్క ఓటుతో ఒరిగేదేముంది?" అన్నాడు.

నాకు కోపం వచ్చింది, కానీ ఏమని కోప్పడను? వాడి చిన్నతనంలో నేను ఎన్నికల డ్యూటీకి బ్యాలెట్ పెట్టెలు నెత్తిన పెట్టుకుని పడవెక్కి లంక గ్రామాలకు వెళ్లినవాణ్ణి. ఒకసారి ఒక వృద్ధురాలు నడవలేక, కొడుకు వీపు మీద వచ్చి వేలిముద్ర వేసి ఓటు పట్టుకెళ్లింది. ఇంటికి వచ్చాక ఇవన్నీ పిల్లలకు చెప్పానా? లేదు. డ్యూటీ అలవెన్సు ఎంత వచ్చిందో చెప్పాను. కండక్ట్ రూల్సు ప్రకారం ఉద్యోగి రాజకీయాల్లో పాల్గొనరాదు. 1964 నాటి ఆ నిబంధన మంచిదే. దాన్ని మాత్రం నేను ఇంట్లో కూడా పాటించాను. "మనకెందుకురా" అనే మాట వాడు నా దగ్గరే నేర్చుకున్నాడు.

ఆ ఎన్నికలో చివుకుల గారు ఓడిపోయారు. గెలిచింది అప్పటికే ఆ పదవిలో ఉన్న లెనార్డ్ లాన్స్ అనే రిపబ్లికన్. అక్కడ అసెంబ్లీ ఎన్నికలు బేసి సంవత్సరాల్లో వస్తాయి కాబట్టి ఆయన అసెంబ్లీ సీటు ఆయనకు ఉంది. మళ్లీ వెళ్లి తన సంఘం పని చూసుకున్నారు. 2014లో మరో కాంగ్రెస్ స్థానం ఖాళీ అయితే పార్టీలో అభ్యర్థి ఎంపికకు జరిగే ఎన్నికలో నిలబడ్డారు. అప్పుడూ ఓడారు, మూడో స్థానం వచ్చింది. బానీ వాట్సన్ కోల్మన్ అనే ఆవిడ గెలిచారు. రెండు ఓటములకూ పార్టీ మారలేదు. అదే ఏడాది రిపబ్లికన్ పార్టీకి చెందిన గవర్నరు క్రిస్టీ గారు, డెమొక్రాట్ అయిన చివుకుల గారిని రాష్ట్ర పబ్లిక్ యుటిలిటీస్ బోర్డుకు కమిషనరుగా నియమించారు. అది మన విద్యుత్ నియంత్రణ మండలి వంటిది. అయిదుగురు సభ్యులు, అందులో ఒకే పార్టీవారు ముగ్గురికి మించరాదని నియమం. శాసనసభలో తాను రాసిన సౌర విద్యుత్తు నియమాలను అమలు చేయించే బల్ల దగ్గర కూర్చోవలసి వచ్చిందన్నమాట. నోటు రాసిన గుమాస్తానే అమలు సీటుకు బదిలీ చేసినట్లు. రాసిన వాక్యంలో లోపం ఉంటే అక్కడ దాచుకోవడానికి వీలులేదు.

ఆయన తర్వాత మనవాళ్లు చాలామంది వచ్చారు. హైదరాబాదులో పుట్టి ఏడేళ్ల వయసులో అమెరికా వెళ్లిన అరుణా మిల్లర్ గారు మేరీలాండ్ రాష్ట్రంలో 2010లో శాసనసభకు ఎన్నికై, 2023 జనవరిలో ఆ రాష్ట్ర లెఫ్టినెంట్ గవర్నరు అయ్యారు. ఆవిడ సంగతి మనకు మరింత దగ్గర. మాంట్‌గోమరీ కౌంటీలో రోడ్లు, రవాణా చూసే ఇంజనీరుగా పాతికేళ్లు పనిచేసిన స్థానిక ప్రభుత్వ ఉద్యోగి ఆవిడ. మన మనిషే అనుకోవచ్చు. ఆవిడా 2018లో కాంగ్రెస్‌కు ప్రయత్నించి పార్టీ ఎంపిక దగ్గరే ఓడిపోయారు, తర్వాతే ఈ పదవి వచ్చింది. వీరి పేర్లు చెప్పుకుని మనం ఇక్కడ మీసం దువ్వుకోనక్కరలేదు. వారిని గెలిపించింది వారి వీధులవాళ్లు, అందులో ఎక్కువమంది తెలుగు రానివాళ్లు. మనం చూడవలసింది వారు ఎక్కిన మొదటి మెట్టు.

2013 నవంబరు 5 రాత్రి, మనకు తెల్లవారితే, మా అబ్బాయి ఫోను చేశాడు. అసెంబ్లీ ఎన్నికల రోజది. "నాన్నా, ఓటు వేశాను" అన్నాడు. ఎవరికి అని నేను అడగలేదు. పోలింగు ఆఫీసరుగా పనిచేసినవాణ్ణి, అడగకూడదని నాకు తెలుసు. "లైను ఉందా?" అన్నాను. "లేదు, నా ముందు ఒక ముసలాయన ఉన్నాడంతే" అన్నాడు. పక్కింటి పోస్టాఫీసు ఆయనేమో అనుకున్నాను. ఆ తర్వాత వాడు రెండేళ్లకోసారి వేస్తూనే ఉన్నాడు. ఓసారి కౌన్సిలు మీటింగుకు కూడా వెళ్లి మైకు దగ్గర మాట్లాడాడట, బడి ముందు రోడ్డు దాటే చోటు గురించి.

ఇక నా మాట ముగిస్తాను. మనమెవరమూ ఈ వయసులో కౌన్సిలుకు, అసెంబ్లీకి నిలబడబోము. డెబ్బై అయిదు నిండాయి, మోకాళ్లు ఒప్పుకోవు. కానీ మన ఊళ్లో ప్రతి సోమవారం అర్జీలు పట్టుకుని ఎంతమంది వస్తారో మీరు చూస్తూనే ఉన్నారు. చాలామందికి ఎవరికి రాయాలో తెలియదు, ఏమి రాయాలో తెలియదు. సర్వే నంబరు వేయరు, పాత అర్జీ తేదీ వేయరు, రసీదు అడగరు. ఏ కాగితం ఏ బల్ల దగ్గర ఆగుతుందో మనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? ఆపినవాళ్లం మనమే కదా.

అందుకని సంఘానికి నా విన్నపం ఒకటి. సోమవారం సోమవారం మనలో ఇద్దరు చొప్పున ఒక బల్ల, రెండు కుర్చీలు వేసుకుని కూర్చుందాం. అడిగినవారికి అర్జీ రాసి పెడదాం. రాయడానికి ముందు ఒక నియమం పెట్టుకుందాం. దగ్గరలోని విషయమైతే ఒకరు వెళ్లి కంటితో చూసి వచ్చి రాయాలి. వచ్చే సోమవారానికి నా పేరు రాసుకోండి. రెండో పేరు ఈ సభ ముగిసేలోగా కార్యదర్శి గారికి ఇస్తే సంతోషిస్తాను.